వేడి ఎవరి ఖాతాలో?

12 వోల్టులున్నచోట 5 వోల్టులు కావాలి. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టు ఏది మొదలుపెట్టినా ముందుగా ఎదురయ్యే అవసరం ఇది. 1970ల నుంచి దాదాపు నలభై ఏళ్లు దీనికి అందరి జవాబూ ఒకటే, మూడు కాళ్ల 7805 రెగ్యులేటర్ ఐసీ. మొదటి కాలికి 12 వోల్టులిస్తే మూడో కాలి దగ్గర 5 వోల్టులొస్తాయి. మధ్య కాలు గ్రౌండు. ఒక ఆంపియరు వాడుకుంటే ప్రాజెక్టుకు దక్కేది 5 వాట్లు. తక్కిన 7 వాట్లను ఆ ఐసీ వేడిగా మార్చి గాలిలో కలిపేస్తుంది. పనికొచ్చినదానికంటె పోయిందే ఎక్కువన్నమాట. ఇదే పనిని ఎనభై, తొంభై శాతం సామర్థ్యంతో చేసిపెట్టే స్విచింగ్ పద్ధతి 7805 కంటె ముందే ఉంది, చంద్రుడి దాకా వెళ్లి వచ్చింది కూడా. అది తెలిసీ ఇంత వృథాను అన్నేళ్లు ఎలా సహించారు? రెగ్యులేటర్ల కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఫలానా ఏడాది ఫలానా ఐసీ వచ్చిందంటూ ఒక వంశవృక్షం గీస్తారు. ఆ వృక్షంలో తప్పేమీ లేదు గాని, ఈ ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. వేడి లెక్కలో దొరుకుతుంది. వృథా అయ్యే వేడికి డబ్బు కట్టేది ఎవరు, ఆ ఖర్చు సర్క్యూటు గీసే మనిషి కంటికి కనబడుతోందా అన్నదాన్ని బట్టే ప్రతి తరమూ తన రెగ్యులేటర్‌ను ఎంచుకుంది. ఖర్చు ఎదుటివాడి ఖాతాలో పడుతున్నంతకాలం, మిగులును వేడి చేసి వదిలించుకునే లీనియర్ పద్ధతిదే రాజ్యం. తన ఖాతాలోకి వచ్చిపడ్డాక, విడిభాగాలు ఎంత ఖరీదైనా, ఎంత మొండికేసినా, డిజైనరు స్విచింగ్ వైపు తిరిగాడు.

మిగులు వోల్టేజిని వేడి చేసి వదిలించుకోవడం ఐసీలతో పుట్టిన అలవాటేమీ కాదు. 1930లలో అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్ లేని చవక రేడియోలు వచ్చాయి. వాటి వాల్వుల ఫిలమెంట్లన్నిటినీ వరుసగా కలిపినా 115 వోల్టుల మెయిన్స్‌కు చాలేవి కావు, నలభై యాభై వోల్టులు మిగిలిపోయేవి. ఆ మిగులును కరిగించడానికి రేడియో కరెంటు తీగలోనే నిరోధపు తీగను కలిపి అల్లేవారు. 0.3 ఆంపియర్ల దగ్గర అది 13, 14 వాట్ల వేడి. తీగ పొడవునా వెచ్చగా ఉండేది, చుట్టచుట్టి మూల పడేస్తే ప్రమాదం. దానికి ‘కర్టెన్ బర్నర్’ అన్న పేరు ఊరికే రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు తయారీదారుకు తప్పింది, వేడి కొన్నవాడి గోడవారకు చేరింది. అదే దశాబ్దంలో కారు రేడియోలది వేరే దారి. బ్యాటరీ 6 వోల్టులది, వాల్వులకు కావలసింది వంద దాటిన వోల్టేజి. పెంచవలసినచోట వేడి చేసి తప్పించుకునే వీలు లేదు. అందుకని వైబ్రేటర్ అనే చిన్న డబ్బాలో ఒక లోహపు నాలుక సెకనుకు వందసార్లకు పైగా కొట్టుకుంటూ, బ్యాటరీ కరెంటును ముక్కలు చేసి ట్రాన్స్‌ఫార్మర్‌కు అందించేది. కరెంటును ముక్కలు చేసి వోల్టేజి మార్చుకోవడమన్న ఆలోచన అంత పాతది. స్విచింగ్ ఆలస్యంగా వచ్చిందంటే, ఎవరికీ తట్టక మాత్రం కాదు.

7805 యుగానికి నేల సిద్ధం చేసింది 5 వోల్టుల లాజిక్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1960ల నడుమ తెచ్చిన 5400, 7400 వరుస టీటీఎల్ ఐసీలకు 5 వోల్టులు కావాలి. 7400 వరుసకైతే ఐదు శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు. కంప్యూటరు పెట్టెలో ఒక మూల పెద్ద రెగ్యులేటర్ పెట్టి పదుల ఆంపియర్లను తీగల మీద తోలితే, దారిలో పోయే వోల్టేజే ఆ ఐదు శాతాన్ని తినేస్తుంది. అందుకని రెగ్యులేటర్‌నే ప్రతి కార్డు మీదికీ తీసుకుపోదామనుకున్నారు. నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లార్ 1970 ప్రాంతంలో చేసిన ఎల్ఎం109 సరిగ్గా దానికోసమే. ఒకే చిప్పు మీద ఒక ఆంపియరు రెగ్యులేటర్, మూడే కాళ్లు, బయట సర్దుకోవలసిన రెసిస్టర్లేమీ లేవు. అందులో విడ్లార్ వాడిన బ్యాండ్‌గ్యాప్ రెఫరెన్సు గురించి ఇంజినీర్లు ఇప్పటికీ భక్తిగా మాట్లాడతారు. భక్తి సబబే గాని, అలవాట్ల చరిత్రలో అంతకంటె పెద్ద మార్పు తెచ్చింది అందులోని థర్మల్ షట్‌డౌన్. చిప్పు మరీ వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ అందుకుంటుంది. ఈ ఏర్పాటు వేడిని ఒక్క వాటు కూడా తగ్గించలేదు. వేడిని లెక్కగట్టవలసిన బాధ్యతను తగ్గించింది. లెక్క తప్పినా ఐసీ కాలిపోదని తెలిశాక లెక్క వేసేవాళ్లే తక్కువైపోయారు. ఆ వెనకే ఫెయిర్‌చైల్డ్ 7800 వరుసను తెచ్చి ఈ మూడు కాళ్ల అచ్చును ఊరూరికీ చేర్చింది. 1976లో బాబ్ డాబ్‌కిన్ చేసిన ఎల్ఎం317తో, రెండు రెసిస్టర్లు మార్చుకుంటే చాలు, కోరిన వోల్టేజి చేతికొచ్చింది.

ఈ ఏర్పాటులో ఖర్చు ఎవరి మీద పడిందో 1975 నాటి ఆల్టెయిర్ 8800 కంప్యూటరు విప్పి చూపిస్తుంది. దాని బస్సు మీద వచ్చేది రెగ్యులేట్ చేయని 8 వోల్టులు. ప్రతి కార్డూ తన సొంత 7805తో దాన్ని 5 చేసుకోవాలి. ఆంపియరుకు 3 వాట్ల చొప్పున ప్రతి కార్డు మీదా ఒక చిన్న పొయ్యి. కంప్యూటరు అమ్మినవాడికి పవర్ సప్లై చవకలో తేలిపోయింది: ఒక ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, పెద్ద కెపాసిటర్లు. మెమరీ కార్డు కొన్న ప్రతిసారీ కొనుగోలుదారు మాత్రం దాంతోపాటు ఒక అల్యూమినియం రేకునూ కాస్త వేడినీ కొనుక్కున్నాడు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. వేడి చిన్న చిన్న వాటాలుగా అందరికీ పంచబడింది, ఏ వాటా కూడా ఎవరికీ బరువనిపించలేదు, అంతే.

స్విచింగ్ పద్ధతికి డాబా మీది నీళ్ల ట్యాంకే పోలిక. మోటారు కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. కింద కుళాయిలో ధార మాత్రం ఒకేలా ఉంటుంది. స్టెప్-డౌన్ రకాన్ని బక్ కన్వర్టర్ అంటారు. అందులో ట్రాన్సిస్టరు సెకనుకు వేల నుంచి లక్షల సార్లు పూర్తిగా ఆన్ అయి పూర్తిగా ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉన్నప్పుడు కరెంటు కాయిల్ గుండా పోతూ అందులో శక్తిని నిలవ చేస్తుంది. ఆఫ్ కాగానే అదే కాయిల్ ఆ శక్తిని డయోడు దారిన బయటికి తోస్తుంది. కెపాసిటరు ఒడుదుడుకులను నునుపు చేస్తుంది. 12 నుంచి 5 రావాలంటే, స్విచ్చి దాదాపు 42 శాతం సేపు ఆన్‌లో ఉంటే చాలు. కిటుకంతా ఇక్కడే: పూర్తిగా ఆన్‌లో ఉన్న స్విచ్చి మీద వోల్టేజి ఉండదు, పూర్తిగా ఆఫ్‌లో ఉన్నదాని గుండా కరెంటు పోదు. రెండింటిలో ఒకటి ఎప్పుడూ సున్నాకు దగ్గరే కాబట్టి వాటి లబ్ధమైన వేడి కూడా సున్నాకు దగ్గరే. లీనియర్ రెగ్యులేటర్‌లో ట్రాన్సిస్టరు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది, ఆ సగంలోనే ఉంది బాధంతా.

ఈ తేడా ప్రాణావసరమైన సందర్భం అపోలో చంద్రయాత్రలు. వ్యోమనౌకలో ఫ్యూయెల్ సెల్స్ ఇచ్చేది 28 వోల్టులు. ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబొరేటరీ డిజైను చేసిన గైడెన్స్ కంప్యూటరుకు కావలసినవి 4, 14 వోల్టులు. 28ని లీనియర్ పద్ధతిలో 4కి దించితే సర్క్యూటుకు ఒక వాటు అందడానికి ఆరు వాట్లు తగలెయ్యాలి. ఫ్యూయెల్ సెల్స్ నడిచేది భూమి నుంచి మోసుకెళ్లిన హైడ్రోజన్, ఆక్సిజన్లతో. వృథా అయ్యే ప్రతి వాటుకూ అవి ఖర్చవుతాయి. శూన్యంలో వేడిని ఊదేయడానికి గాలి ఉండదు కాబట్టి గ్లైకాల్ ద్రవం పారే పలకల ద్వారా దాన్ని బయటికి పంపాలి. ఒకే వేడికి రెండుసార్లు చెల్లింపు, రెండూ బరువు రూపంలోనే. అక్కడ స్విచింగ్ రెగ్యులేటర్లు వాడారంటే ఆశ్చర్యం లేదు. ఐసీలే అంతంతమాత్రంగా దొరికే 1960లలో, విడి ట్రాన్సిస్టర్లతోనే ఆ పని సాధ్యమైందన్నది గమనించాలి. వేడి ఖర్చు డిజైనరు ఖాతాలో నేరుగా పడినప్పుడు విడిభాగాల కొరత అడ్డు రాలేదు.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది. అపోలోకు డబ్బు లెక్క లేదు. మామూలు లోకానికి స్విచింగ్ రావాలంటే చవకైన భాగాలు రావాలి, కాబట్టి చరిత్రను నడిపింది భాగాలే కదా అని. ఇందులో నిజం చాలా ఉంది. మెయిన్స్ వోల్టేజిని తట్టుకుంటూ వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే పవర్ ట్రాన్సిస్టర్లు అందుబాటులోకి రావడం, వేగానికి తట్టుకునే ఫెరైట్ కోర్లు, షాట్కీ డయోడ్లు, సిలికాన్ జనరల్‌లో బాబ్ మమ్మానో 1976లో చేసిన ఎస్‌జీ1524 అనే కంట్రోల్ ఐసీ, ఆ దశాబ్దం చివర ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ వారి పవర్ మాస్‌ఫెట్లు, ఇవేవీ లేకుండా స్విచింగ్ చవకయ్యేది కాదు. ఒక మహానుభావుడి ఘనతగా దీన్ని చెప్పే కథనానికి ఈ జాబితాయే మంచి విరుగుడు కూడా. 2011లో వాల్టర్ ఐజాక్‌సన్ రాసిన స్టీవ్ జాబ్స్ జీవితచరిత్రలో జాబ్స్, యాపిల్-2కి రాడ్ హోల్ట్ చేసిన స్విచింగ్ పవర్ సప్లైనే తర్వాతి కంప్యూటర్లన్నీ కాపీ కొట్టాయన్న అర్థంలో మాట్లాడాడు. యాపిల్-2 వచ్చింది 1977లో. అప్పటికి అపోలో యాత్రలు ముగిశాయి, రాబర్ట్ బోషెర్ట్ లాంటివాళ్లు స్విచింగ్ సప్లైలను చవకగా చేసి అమ్ముతున్నారు, కంట్రోల్ ఐసీ మార్కెట్లో ఉంది. హోల్ట్ మంచి ఇంజినీరు, ఆ డిజైను మీద పేటెంటు కూడా ఉంది. ఆద్యుడు మాత్రం కాదు. అయినా యాపిల్-2ను పక్కన పెట్టేయకూడదు, ఎందుకంటే అక్కడ స్విచింగ్ ఎందుకు వచ్చిందో మనకు తెలుసు: జాబ్స్‌కు ఫ్యాను చప్పుడు వద్దు, పెట్టె చూస్తే ప్లాస్టిక్‌ది. ఆల్టెయిర్ ఫ్యాను పెట్టుకుని వేడిని గదిలోకి ఊదేసింది. ఫ్యాను లేని ప్లాస్టిక్ డబ్బాలో ఆ వేడికి పోయే చోటు లేదు, డిజైనరే దాన్ని పుట్టకుండా చూడాలి. దాదాపు ఒకే కాలం, ఒకే మార్కెట్, అవే భాగాలు; దారులు మాత్రం రెండు. భాగాలే చరిత్రను నడిపి ఉంటే ఇలా జరగదు.

భాగాల వాదానికి అసలు చిక్కు ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఉంది. 1980ల నడుమ లీనియర్ టెక్నాలజీ అనే కంపెనీలో కార్ల్ నెల్సన్ చేసిన ఎల్‌టీ1070, 1990 ప్రాంతంలో నేషనల్ వారి ‘సింపుల్ స్విచర్’ వరుసలోని ఎల్ఎం2575, 2576 స్విచింగ్‌ను సామాన్యుడి చేతికి తేవడానికే పుట్టాయి. ఎల్ఎం2576 ఐసీకి ఒక కాయిల్, ఒక డయోడు, రెండు కెపాసిటర్లు చేరిస్తే 3 ఆంపియర్ల స్టెప్-డౌన్ రెగ్యులేటర్ తయారు. ఏ కాయిల్ వాడాలో డేటాషీటులో గ్రాఫు గీసి మరీ చూపించారు. అయినా ప్రాజెక్టులు చేసేవాళ్లు 7805ను వదల్లేదు. వాళ్లకు తెలియక కాదు. రెసిస్టరునో కెపాసిటరునో విలువ చెప్పి కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొనుక్కోవచ్చు. 3 ఆంపియర్లు పోయినా సాచురేట్ కాని 100 మైక్రోహెన్రీల కాయిల్ అంటే ఫెరైట్ రింగు తెచ్చి రాగితీగ చుట్టుకోవడమే. చుట్టుకున్నాక కొలవడానికి మీటరు ఉండదు. బ్రెడ్‌బోర్డు మీద పొడుగాటి తీగలతో కడితే అది రెగ్యులేటర్ కంటె రేడియో ట్రాన్స్‌మిటర్‌లా ప్రవర్తిస్తుంది. ఇన్ని తిప్పలు పడి ఆదా చేసేదేమిటి? 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 1ఎన్4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, 7805 అనే ఆ సుపరిచిత వరుసలో వృథా అయ్యే వేడికి కరెంటు మెయిన్స్ నుంచి వస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో అయితే బిల్లు కాలేజీది. హీట్‌సింకు ఒక అల్యూమినియం ముక్క. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల ల్యాబ్ పుస్తకాల్లో 723, 7805 రెగ్యులేటర్ ప్రయోగాలు చూడండి: ఇన్‌పుట్ వోల్టేజి మారిస్తే అవుట్‌పుట్ ఎంత కదిలింది, లోడు మారిస్తే ఎంత కదిలింది అని కొలిపిస్తారు. లోపలికి పోయిన వాట్లెన్ని, బయటికొచ్చినవెన్ని అన్న లెక్క ఆ పట్టికల ఉద్దేశమే కాదు. కంటికి ఆనని ఖర్చును తగ్గించుకోవాలని ఎవరికీ అనిపించదు.

మన ఊళ్లలో మాత్రం ఈ ఖర్చు ఇంకో రూపంలో కనబడేది, ఇప్పటిదాకా చెప్పుకున్న అమెరికా కథలో లేని రూపంలో. వేసవి సాయంత్రం పల్లెలో 230 ఉండాల్సిన మెయిన్స్ 160కి పడిపోయేది, అర్ధరాత్రి దాటాక 260కి ఎగబాకేది. 7805 సరిగ్గా పనిచేయాలంటే దాని ముందు కనీసం 7 వోల్టులుండాలి, అలల (రిపుల్) గుంటలను కలుపుకుంటే 8 అనుకుందాం. 160 దగ్గర కూడా 8 వోల్టులొచ్చేలా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్తే, 260 దగ్గర అదే ట్రాన్స్‌ఫార్మర్ 13 వోల్టులిస్తుంది. ఆంపియరుకు 3 వాట్ల వేడి కాస్తా 8 వాట్లవుతుంది. అమెరికన్ డేటాషీటు చెప్పిన హీట్‌సింకు ఇక్కడ చాలకపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ట్రాన్సిస్టర్ రేడియోలకు పెట్టే చవక బ్యాటరీ ఎలిమినేటర్లలో రెగ్యులేటర్ అసలుండేదే కాదు. వోల్టేజి తగ్గితే పాట బొంగురుపోయేది, పెరిగితే హమ్ వినబడేది. టీవీలకు జనం విడిగా స్టెబిలైజర్ కొనుక్కున్నారు. అంటే పవర్ సప్లై చేయవలసిన పనికి ప్రతి ఇంటివారూ రెండో పెట్టెకు డబ్బు కట్టారు. 1982లో దేశంలో రంగుల ప్రసారాలు మొదలై, ఎస్ఎంపీఎస్ అనే స్విచింగ్ పవర్ సప్లై ఉన్న కలర్ టీవీలు ఇళ్లలోకి వచ్చాక ఈ పరిస్థితి మెల్లగా మారింది. ఎస్ఎంపీఎస్ మెయిన్స్‌ను నేరుగా తీసుకుని ముక్కలు చేస్తుంది. మెయిన్స్ పడిపోతే ఆన్ సమయం పెంచుకుంటుంది, ఎగబాకితే తగ్గించుకుంటుంది. 90 నుంచి 260 దాకా ఏదిచ్చినా దానికి ఒకటే. బక్ కన్వర్టర్‌కు ఇది పెద్దన్న లాంటి సర్క్యూటు, సూత్రం అదే. హాల్లో టీవీ కింద మూలిగే స్టెబిలైజర్ కనుమరుగు కావడానికి కరెంటు సరఫరా మెరుగుపడటం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ప్రాజెక్టుల లోకంలో మలుపు 2010 తర్వాత వచ్చింది, దానికి తేదీలతో సహా సాక్ష్యం ఉంది. 2012 నాటి తొలి రాస్ప్‌బెరీ పై బోర్డులో లీనియర్ రెగ్యులేటర్లున్నాయి. 2014లో వచ్చిన బీ ప్లస్ బోర్డులో వాటి స్థానంలో స్విచింగ్ రెగ్యులేటర్లు పెట్టి, వాడకంలో అర వాటు నుంచి ఒక వాటు దాకా మిగిల్చామని తయారీదారులే ప్రకటించారు. ఆర్డునో ఊనో 2010 నుంచి లీనియర్ రెగ్యులేటర్‌తోనే నడిచింది. 12 వోల్టులు దాటితే వేడెక్కుతుంది జాగ్రత్త అని దాని సూచనల్లోనే ఉండేది. 2023లో వచ్చిన ఊనో ఆర్4లో బక్ కన్వర్టర్ పెట్టారు, 24 వోల్టుల దాకా ఇవ్వవచ్చన్నారు. పదమూడేళ్ల ఈ ఎడంలో కొత్తగా కనిపెట్టినదేమీ లేదు, వాడుక మారింది. ప్రాజెక్టు గోడ సాకెట్టును వదిలి యూఎస్‌బీ చార్జరు మీదికి, లిథియం బ్యాటరీ మీదికి, డ్రోను కిందికి, పొలంలో సోలార్ పలక పక్కకు చేరింది. అక్కడ వృథా అయిన ప్రతి వాటూ ఎన్ని నిమిషాలు తక్కువ ఎగిరిందో, ఎన్ని గంటల ముందు ఆగిపోయిందో అన్న రూపంలో చేసినవాడికే కనబడుతుంది. వేడి ఖర్చు తొలిసారి అతని సొంత ఖాతాలో పడింది.

సరిగ్గా ఆ సమయానికి చైనా నుంచి ఎల్ఎం2596 మాడ్యూళ్లు వచ్చిపడ్డాయి. కాయిల్, డయోడు, కెపాసిటర్లు అన్నీ అతికించి, స్క్రూడ్రైవరుతో తిప్పి వోల్టేజి పెట్టుకునే చిన్న నీలి బోర్డు. సింపుల్ స్విచర్ డేటాషీటు గ్రాఫులతో తీర్చలేని కాయిల్ సమస్యను అది కాయిల్‌ను బోర్డు మీదే ఇచ్చి తీర్చేసింది. నాణ్యత గురించి పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. అసలు ఎల్ఎం2596 పనిచేయవలసింది 150 కిలోహెర్ట్జ్ దగ్గర. చవక బోర్డుల మీద ఆసిల్లోస్కోపు పెడితే చాలాసార్లు కనబడేది 50 చిల్లర, అంటే లోపల ఉన్నది పాత ఎల్ఎం2576 తరహా చిప్పు మీద కొత్త ముద్ర. అయినా అమ్ముడుపోయింది. నాసిరకం స్విచింగ్ కూడా మేలైన 7805 కంటె బ్యాటరీని ఎక్కువసేపు నడిపిస్తుందని వాడినవాడికి చేతికి తగిలిన వేడే చెప్పింది.

కంప్యూటరు ప్రాసెసర్లలో ఈ మలుపు చాలా ముందే, చాలా గట్టిగా వచ్చింది. 1990ల నడుమ ప్రాసెసరు వోల్టేజి 5 నుంచి 3.3కు దిగినప్పుడు కొన్ని మదర్‌బోర్డులు హీట్‌సింకు తగిలించిన లీనియర్ రెగ్యులేటర్‌తో సరిపెట్టుకున్నాయి. మూడింట ఒక వంతే కదా వృథా అని. వోల్టేజి ఒకటి దగ్గరికి, కరెంటు పదులు దాటి వంద ఆంపియర్ల వైపుకు సాగాక ఆ బేరం కుదరదు. 12 నుంచి 1కి లీనియర్‌గా దించితే ప్రాసెసరు తినే ప్రతి వాటుకూ పదకొండు వాట్లు తగలబెట్టాలి. అక్కడ డయోడు మీద పోయే అర వోల్టు కూడా భరించలేక, దాని స్థానంలోనూ మాస్‌ఫెట్ పెట్టి, అనేక బక్ కన్వర్టర్లను వంతులవారీగా నడిపిస్తున్నారు.

ఇక మిగిలింది లీనియర్ పక్షపాతుల వాదన. స్విచింగ్ అంటేనే రొద. ఆడియో, రేడియో, కొలత పరికరాల్లో ఆ రొదను సహించలేం, కాబట్టి 7805 బతికింది గుణం వల్లే గాని ఎవరూ లెక్క వేయకపోవడం వల్ల కాదంటారు వాళ్లు. గుణం నిజమే. దాని ధర ఎంతో చూడాలి. రొద పనికిరానిచోట ఇప్పుడు ఇంజినీర్లు 12ను ముందు బక్‌తో 5.5కు దించి, చివరి అర వోల్టును తక్కువ తేడాతో పనిచేసే ఎల్‌డీఓ అనే లీనియర్ రకానికి అప్పగిస్తారు. ఒక ఆంపియరు దగ్గర వృథా 7 వాట్ల నుంచి బక్ నష్టాన్ని కలుపుకున్నా ఒకటి రెండు వాట్లకు దిగుతుంది, అవుట్‌పుట్ ప్రశాంతంగానే ఉంటుంది. ప్రశాంతతకు ఏడు వాట్లూ ఎప్పుడూ అవసరం కాలేదన్నమాట. ఇంకోవైపు 10 మిల్లీఆంపియర్లు తాగే చిన్న సర్క్యూటుకు మెయిన్స్ మీద 7805 పెడితే లోడు వల్ల పోయేది 70 మిల్లీవాట్లే. దాన్ని ఆదా చేయడానికి కాయిల్ కొనేవాడూ లెక్క తప్పినవాడే. అదే సర్క్యూటును 9 వోల్టుల బ్యాటరీ మీద పెట్టగానే అంకెలు తిరగబడతాయి: 7805 తన సొంతానికే 5 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది, 500 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీని ఏ లోడూ లేకుండానే నాలుగు రోజుల్లో ఖాళీ చేస్తుంది. అక్కడ కావలసింది 7805 కాదు, బక్ కన్వర్టరూ కానక్కర్లేదు; తనకోసం కొద్ది మైక్రోఆంపియర్లు మాత్రమే తీసుకునే ఎల్‌డీఓ సరిపోతుంది.